మగ్గాల హోరులో ఇంగ్లీషు

మా చిన్నమ్మ పోయిన మంగళవారం చనిపోయింది. తమిళనాడులోని సత్రపట్టిలో, గాయాలకు కట్టే కట్టుగుడ్డ నేసే ఒకే మరమగ్గాల షెడ్డులో ఇద్దరం పక్కపక్కనే పని చేసేవాళ్ళం. కబురు షెడ్డుకే వచ్చింది. సూపర్‌వైజరు నా ఎదురుగా నిలబడి, గొంతు ఎత్తకుండా పెదవులు కదిపి, "మీ చిన్నమ్మ పోయింది" అన్నాడు. ఆ హోరులో అందరం మాట్లాడుకునేది అలాగే. అరిచినా వినపడదు. పెదవులు చూసి తెలుసుకోవాలి.

ఆమె నాకు ఇంగ్లీషు నేర్పింది కూడా అలాగే.

ప్లస్ టూ అయ్యాక నేను యూనివర్సిటీ ఎంట్రన్సుకు కట్టాను. సీటు వస్తే చదువు, రాకపోతే ఎప్పటికీ ఈ మగ్గమే. రెండుసార్లకు మించి రాయనివ్వనని మా నాయన ముందే చెప్పాడు. తమిళ మీడియంలో చదివిన నాకు ఆ పరీక్షలో అడిగే పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు ఒక్కటీ తెలియవు. చిన్నమ్మదీ ప్లస్ టూ చదువే, కానీ ఆమె ఇంగ్లీషును వదల్లేదు. పాతపేపర్ల కొట్లో దొరికిన మాటల పుస్తకాన్ని చించి, రోజుకొక పేజీ గంజితో మగ్గం చట్రానికి అంటించేది. తెగిన పోగు ముడేస్తూనే నా వైపు తిరిగి పెదవులు కదిపేది.

"ఆబ్‌స్టినేట్?"

"మొండి."

"ఎవరి మాదిరి?"

"మా నాయన."

"సరి. ఫ్రూగల్?"

"పొదుపు."

"అదీ మీ నాయనే. ఒక్క మనిషిలో ఎన్ని మార్కులుండాయి చూడు!"

మొదటి పరీక్ష హాలులో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. కంప్యూటర్ తెర మీద మాట కనబడగానే అలవాటుగా పెదవులు కదిపాను. కాపలా ఉన్నామె వచ్చి, ఎవరికి సైగ చేస్తున్నావని తమిళంలో గద్దించింది. మళ్ళీ కదిపితే బయటికి పంపుతానంది. నోరు బిగించుకుని కూర్చున్నాను. పెదవులు కదలకపోతే ఒక్క అర్థమూ రాలేదు.

ఆ సంగతి చెబితే చిన్నమ్మ మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"తప్పు నాదేనే. నోరు మూసుకొని చదివేది నేను నేర్పించలేదు."

ఆ ఏడంతా తిండి వేళలో పెదవుల మధ్య చింతగింజ పట్టించి అర్థాలు రాయించింది. గింజ పడితే పేజీ మొదటినుంచి. విసుక్కుంటే, "తెగిన పోగును తిట్టి ఏం లాభం? ముడెయ్" అనేది. ఆమె దగ్గు ఆ ఏడే ముదిరింది. దగ్గుతూనే గింజ కడిగి మళ్ళీ చేతికిచ్చేది. నాకోసం అంత ఓపిక పట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు.

రెండోసారి నా నోరు కదల్లేదు. మాటలన్నీ గుర్తొచ్చాయి, కానీ ఒక్కొక్కటే, నిదానంగా. సగం ప్రశ్నలు ఉండగానే టైము అయిపోయింది.

ఇప్పుడు ఆమె మగ్గాలు కూడా నేనే చూస్తున్నాను. ఆ మాటలు నాకింకా వచ్చు. అడిగేవాళ్ళు లేరు.

ఆ రెండో పరీక్ష ఫలితం వచ్చిన రోజు ఆమె రాజపాళయంలో ఆసుపత్రిలో ఉంది.

"వచ్చిందా?"

"రాలేదు చిన్నమ్మా. టైము చాలలేదు."

ముడెయ్ అంటుందనుకున్నాను. సూది గుచ్చిన ఆమె చేతికి చుట్టిన కట్టుగుడ్డ మేము నేసే రకమే. దాని అంచున గోటితో ఒక పోగు పట్టి లాగింది. అది తెగకుండా పొడుగ్గా వచ్చింది. నేను లేచి వచ్చేదాకా దాన్ని వేలికి చుట్టుకుంటూనే ఉంది.