నూటికి అరవై తొమ్మిది

బాలమణికి కోపం ఎక్కువని శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా షేర్ ఆటోలు తోలే వాళ్లందరికీ తెలుసు. ముగ్గురు కూర్చునే సీటులో ఐదుగుర్ని ఇరికిస్తే దిగి నడిచి పోతుందే గానీ సర్దుకోదు. ఆ కోపానికి ఒక పద్ధతి ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఎవరైనా లెక్క తప్పు చెబితేనే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇరవై నాలుగేళ్లుగా గింజలు లెక్కపెట్టి బతికే మనిషికి ఇంక దేనికి కోపం వస్తుంది చెప్పండి?

మేడ్చల్, శామీర్‌పేట మధ్య రోడ్డు మీద ఒక విత్తనాల కంపెనీ ఉంది. అందులో మొలక పరీక్ష గది బాలమణిది. మక్క, అంటే మొక్కజొన్న విత్తనం, ఏ లాట్ వచ్చినా నాలుగు వందల గింజలు ఏరి, నూరు చొప్పున తడి కాగితం మీద పేర్చి, చాపలా చుట్టి, బకెట్లో నిలబెడుతుంది. ఏడో రోజున నాలుగు చుట్టలూ విప్పి ఒక్కో మొలకనూ వేలితో తాకి చూస్తుంది. బాగా వచ్చినవి ఒక పక్క, వంకర పోయినవి ఒక పక్క, కుళ్లినవి ఒక పక్క. నూటికి తొంభై మొలిస్తేనే ఆ లాట్ విత్తనం కింద అమ్మాలి. లేకుంటే కోళ్ల దాణాకు పోవాలి. రైతు నేలలో వేసే ముందు ఆ గింజ బతికి ఉందో చచ్చిందో చెప్పేది బాలమణి వేలే. కూతురు బడికి పోయే రోజుల్లో పనిలో చేరింది. ఇప్పుడు మనవరాలు బడికి పోతోంది. ఇన్నేళ్లలో ఒక్క గింజ కూడా అటు ఇటు చెయ్యలేదు.

మొదట్లో అంకెలు రిజిస్టర్‌లో రాసి, ఆ రిజిస్టర్ చంకలో పెట్టుకుని ఆఫీసుకు నడిచేది. రెండేళ్ల కిందట ముసలి యజమాని పక్కకు తప్పుకుని, కొడుకు ప్రణయ్ కుర్చీలో కూర్చున్నాడు. కాగితాలెందుకు, అంతా కంప్యూటర్లోనే ఉండాలన్నాడు. ఆఫీసుకు విండోస్ ఉన్న కొత్త కంప్యూటర్లు కొన్నాడు. మొలక గదికి మాత్రం మూలన పడ్డ పాతది దులిపి పంపాడు. అందులో కొత్త విండోస్ పట్టదని కంప్యూటర్లు బాగుచేసే రాజారావు లినక్స్ ఎక్కించాడు. ఏలూరు నుంచి వచ్చి కుత్బుల్లాపూర్‌లో స్థిరపడిన మనిషి, యాభై దాటినవాడు, రెండు వారాలకోసారి వచ్చి పోతుంటాడు.

ఈ రెండు రకాల కంప్యూటర్లకూ మాట కలపడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. బాలమణి కంప్యూటర్లో 'మొలక' అని ఒక ఫోల్డర్ పెట్టి, అది ఆఫీసు వాళ్లకూ కనబడేలా చేశాడు. కనబడుతుంది, తెరుచుకోదు. తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. మూడో రోజుకు ప్రణయ్‌కు ఓపిక పోయింది. అందరూ మనవాళ్లే కదా, తాళాలెందుకు, ఎవరైనా ఏదైనా చేసుకునేలా తెరిచి పడేయమన్నాడు. రాజారావు తెరిచి పడేశాడు.

తెరుచుకున్నాక వింతలు మొదలయ్యాయి. బాలమణి కష్టపడి తెలుగులో కొట్టిన రకాల పేర్లు ఆఫీసు తెర మీద ఖాళీ డబ్బాల్లా కనబడ్డాయి. జూన్ ఏడు అని కొడితే అక్కడ జూలై ఆరు అయింది. ఆమె చిరాకు పడ్డది గానీ, రెండు వేరు వేరు కంప్యూటర్లు, భాష కలవట్లేదు కాబోలు అనుకుంది. సరిగ్గా ఇక్కడే మోసపోయింది పాపం.

మొన్నటి యాసంగి పంటప్పుడు ఒకరోజు పాత ఫైల్ తెరిస్తే, తాను డెబ్బై నాలుగు కొట్టిన చోట తొంభై నాలుగు ఉంది. చెరిపి మళ్లీ డెబ్బై నాలుగు కొట్టింది. మర్నాటికి మళ్లీ తొంభై నాలుగు. ఆఫీసుకు పోయి అడిగింది. ప్రణయ్ తల కూడా ఎత్తలేదు.

"నీది లినక్స్, మాది విండోస్ అక్కా. ఆడికెళ్లి ఈడికి వచ్చేటప్పుడు నంబర్లు గిట్లనే అటు ఇటు అయితయ్. మేం సరిజేసుకుంటం గదా, నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు.

పేర్లు డబ్బాలవడం కళ్లతో చూసిన మనిషి. తేదీలు తిరగబడటం చూసిన మనిషి. అంకెలు మాత్రం ఎందుకు మారవు అనుకుంది. సరే అని తిరిగొచ్చి, ఆ కంప్యూటర్ నెత్తిన ఒక్కటి మొట్టింది కూడా. సీజన్ చివర ఆఫీసు నుంచి అచ్చైన రిపోర్టుల కట్ట వచ్చింది. వాళ్లు సరిచేశామన్నారు కదా అని యాభై కాగితాల మీద యాభై సంతకాలు పెట్టి పంపింది. చూడకుండా పెట్టింది. తర్వాత ఆమె తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ ఆ యాభై సంతకాలకే.

అయినా ఒక పాత అలవాటు మిగిలింది. ఏ రోజు లెక్క ఆ రోజు గోడ మీద క్యాలెండర్ గడిలో పెన్సిల్‌తో చిన్నగా రాసుకునేది. లాట్ నంబరు, దాని కింద నూటికి ఎన్నో.

ఈ జూన్ చివర్లో ఒక గురువారం, గేటు దగ్గర నీకోసం ఎవరో వచ్చారని కబురొచ్చింది. పోయి చూస్తే అన్న గండయ్య. మూడుచింతలపల్లి అవతల చుట్టూ పొలాలన్నీ ఇళ్ల ప్లాట్ల వెంచర్లయినా తన రెండెకరాలు అమ్మకుండా పట్టుకుని కూర్చున్న మొండివాడు. మృగశిర వానకు మక్కలు వేశాడు. భుజం మీది తువ్వాల విప్పి ఆమె దోసిట్లో పోశాడు. గులాబీ రంగు మందు పూసిన గింజలు, తడికి ఉబ్బి, పగిలి, మొలక లేకుండా కుళ్లినవి. పైన సంచికి కుట్టిన చీటీ పెట్టాడు. మొలక శాతం తొంభై రెండు అని ఉంది దాని మీద.

"ఇవి నువ్వే లెక్కవెట్టినవా?" అన్నాడు.

నేనే అంది బాలమణి.

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయంటరు, నా కాడ గట్లనే అయింది. నా ఒక్కడిదైతే పాయె. మా చెల్లె లెక్కవెట్టిన గింజలని ఊర్ల పది మందికి జెప్పిన. ఇగ ఆళ్లకు నా మొకం ఎట్ల జూపియ్యాలె?"

ఆమె లోపలికి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చింది. గండయ్య ముట్టలేదు. చెల్లె అని ఒక్కసారి పిలవకుండా బండెక్కి పోయాడు. కేకలు వేసుంటే ఆమె కూడా నాలుగు కేకలు వేసి తేలిక పడేది. ఆయన కేకలు వేయలేదు.

గదిలోకి వచ్చి క్యాలెండర్ తిప్పింది. చీటీ మీది లాట్ నంబరు మే నెల గడిలో ఉంది. దాని కింద డెబ్బై రెండు.

మర్నాడు శుక్రవారం. ఆఫీసు ప్రింటర్ చూడటానికి రాజారావు వచ్చాడు. బాలమణి ఆయన్ని మొలక గదికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, అడగాల్సింది సూటిగా అడిగింది. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో రకం కంప్యూటర్‌కు పోతే దారిలో అంకెలు మారతాయా?

ఆయన మొదట నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు ఆపాడు.

"అక్షరాలు డబ్బాల్లా కనబడొచ్చండీ, తేదీలో రోజూ నెలా తారుమారవ్వొచ్చు. అది చూపించే తీరులో తేడా. డెబ్బై రెండు తొంభై రెండు అవ్వాలంటే మాత్రం ఎవరో ఒకరు వేలుపెట్టి కొట్టాల్సిందే" అన్నాడు.

కుర్చీ లాక్కుని 'మొలక' ఫోల్డర్ తెరిచి, ఒక్కో ఫైల్ పక్కన దాన్ని చివరిసారి సేవ్ చేసింది ఎవరో చూపించాడు. చాలావాటి పక్కన బాలమణి పేరే ఉంది. ఇరవై మూడింటి పక్కన ప్రణయ్ పేరు. ఆ ఇరవై మూడూ క్యాలెండర్‌తో సరిపోల్చి చూసింది. అన్నీ ఆమె లెక్కలో తొంభైకి తక్కువ వచ్చినవే. గండయ్య లాట్ వాటిలో తొమ్మిదోది. కంచే చేను మేసింది.

ఆమె కోపం ముందు రాజారావు మీద పడ్డది. గడియ పెట్టడం చేతనైనవాడివి, గడియ లేకుండా ఇల్లు ఎట్లా అప్పజెప్పావని నిలదీసింది. ఆయన తప్పించుకోలేదు. తెరిచి పడేయమన్నారు, పడేశాను, తప్పే అన్నాడు. అయితే ఇప్పుడు ఆ గడియ వెయ్యి అంది. ఈ ఫోల్డర్‌ను వాళ్లు చూడాలి గానీ ఒక్క అంకె కూడా మార్చకూడదు. ఏటేటా తనకు పనిచ్చే కంపెనీ ఇది, ఒకసారి వద్దంటే మళ్లీ ఈ గేటు తొక్కలేనని రాజారావు గొణిగాడు. బాలమణి దోసెడు కుళ్లిన గింజలు కీబోర్డు పక్కన పోసింది. ఆయన వాటిని చూసి, కీబోర్డు దగ్గరికి లాక్కుని, పది నిమిషాల్లో పని పూర్తిచేశాడు.

ఆ రోజే ఇంకో లాట్‌కు ఏడో రోజు. నాలుగు చుట్టలూ విప్పింది. అరవై ఎనిమిది, డెబ్బై ఒకటి, అరవై ఏడు, డెబ్బై. నూటికి అరవై తొమ్మిది. ఈసారి నాలుగు చుట్టల అంకెలూ క్యాలెండర్‌లో రాసింది, కంప్యూటర్‌లో కొట్టింది. దాన్ని ఆదివారం పొద్దున డీలర్లకు ఎత్తాలని అప్పటికే సంచులు కుట్టి పెట్టారు. ఇంకెంతమంది గండయ్యల పొలాలకు పోతుందో ఆ లాట్.

శనివారం పదింటికి ప్రణయ్ తనంతట తానే మొలక గదికి వచ్చాడు. రెండేళ్లలో అదే మొదటిసారి. ఫోల్డర్ సేవ్ కానివ్వట్లేదట, ఏం చేశావక్కా అని మెత్తగా అడిగాడు.

"నాది లినక్స్ గద సార్. ఆడికెళ్లి ఈడికి రాదు" అంది బాలమణి.

ఆయన మొహం ఎర్రబడింది. నీ ఫోల్డర్ నువ్వే పెట్టుకో, నాకు కాగితం చాలన్నాడు. అరగంటలో అచ్చేసిన రిపోర్టు తెచ్చి ముందు పడేశాడు. అరవై తొమ్మిది రావాల్సిన చోట తొంభై ఒకటి ఉంది. కింద సంతకానికి ఖాళీ. బాలమణి పెన్ను తీసి తొంభై ఒకటి కొట్టేసి, పక్కన అరవై తొమ్మిది రాసి, కింద తన పేరు పూర్తిగా, కుదురుగా రాసింది. ప్రణయ్ దాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"నీ సంతకం లేకపోతే పని ఆగుతదనుకుంటున్నవా? ప్యాకింగ్‌ల ఎవరితోనైనా పెట్టిపిస్త. రేపటి సంది నువ్వు రాకు."

ఇరవై నాలుగేళ్లు ఆ ఒక్క మాటకు కొట్టుకుపోయాయి. ఫోల్డర్‌కు తాళం వేసింది, కాగితం మీద నిజం రాసింది, అయినా ఆ సంచులు పొద్దున్నే పోతాయి. వాడికి కంప్యూటర్లూ ఉన్నాయి, ప్రింటరూ ఉంది, సంతకాలు పెట్టే చేతులూ ఉన్నాయి. ఆమె దగ్గర ఏముంది? చుట్టూ చూసింది. మూలన బకెట్ ఉంది. లెక్కయ్యాక గింజలు లోపలే పెట్టి మళ్లీ చుట్టి చెత్తకుప్పలో పడేసే తడి చుట్టలు నాలుగు, లాట్ నంబరుతో సహా, అందులో నిలబడి ఉన్నాయి.

క్యాలెండర్ గోడ నుంచి ఊడదీసి చంకలో పెట్టుకుంది. బకెట్ ఎత్తుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ అదేంటని అడిగితే చెత్త అని చెప్పి బయటికి నడిచింది. దారిలోనే అన్నకు ఫోన్ చేసి, పొద్దున కంపెనీ దగ్గరికి రమ్మని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

ఆదివారం ఆరున్నరకే కంపెనీ ఎదుట కల్వర్టు మీద పాత చీర పరిచి, నాలుగు చుట్టలూ విప్పింది. మొలకెత్తినవి తెల్లగా నిలబడ్డాయి, చచ్చినవి నల్లగా పడున్నాయి. తుర్కపల్లి మందుల ల్యాబులకు పోయే క్యాబుల్లోంచి జనం మెడలు తిప్పి చూశారు. గండయ్య వచ్చాడు. పలకరించకుండా కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

ఏడింటికి తూప్రాన్ డీలర్ సంచులు ఎత్తుకోవడానికి డీసీఎం లారీలో వచ్చాడు. బాలమణి అడ్డం నిలబడి, సంచుల మీద తొంభై ఒకటి అని ఉంటుంది, అది అబద్ధం, ఇది ఆ లాటే అని చెప్పింది. డీలర్ నవ్వాడు. ఇంతలో ప్రణయ్ గేటు దాటి ఉరికి వచ్చి, పనిలోంచి తీసేసిన మనిషి మాటలేంది, రిపోర్టు కంప్యూటర్‌లో ఉంది, లోపలికి వచ్చి చూసుకోమన్నాడు.

"ఏ కంప్యూటర్ వద్దు. గింజలు ఈడనే ఉన్నయ్. నువ్వే లెక్కవెట్టుకో" అంది బాలమణి డీలర్‌తో.

డీలర్ కదల్లేదు. కదిలింది గండయ్య. మొదటి చుట్ట ముందు గొంతుకూర్చుని, మొద్దుబారిన వేలితో ఒక్కో మొలకనూ తాకుతూ, పైకి వినబడేలా లెక్కపెట్టాడు. ప్రణయ్ మధ్యలో రెండుసార్లు అరిచాడు. గండయ్య లెక్క తప్పలేదు. అరవై ఎనిమిది దగ్గర ఆగి, తల తిప్పి చెల్లెలి వైపు చూశాడు. ఆమె క్యాలెండర్ గడి మీద వేలు పెట్టి చూపించింది. మొదటి చుట్ట, అరవై ఎనిమిది.

డీలర్ అప్పుడు ప్యాంటు పైకి లాక్కుని రెండో చుట్ట ముందు కూర్చున్నాడు. ఆయనకు డెబ్బై ఒకటి వచ్చింది. లేచి చేతులు దులుపుకుని, ప్రణయ్ మొహం చూడకుండా, బండి వెనక్కి తిప్పమని డ్రైవర్‌కు చెప్పాడు. మేడ్చల్ వైపు నుంచి ఇంకో డీసీఎం వస్తోంది. బాలమణి చుట్టల అంచులు గాలికి లేవకుండా రాళ్లు పెట్టి, మళ్లీ రోడ్డుకు అడ్డం పోయి నిలబడింది.

వెనక నుంచి గండయ్య అడిగాడు.

"నీళ్లున్నయా, చెల్లె?"