బజ్జీల పొట్లంలో మా తమ్ముడు

మొన్న మా మనవరాలు ఫోన్ నా చేతికిచ్చి, ఏదో దేశంలో గడగడా మాటలతోనే పాటలు కట్టి పాడే పేరుమోసిన కుర్రవాణ్ణి కాల్చి చంపారనీ, ఒక పత్రిక అతణ్ణి దేవుణ్ణి చేస్తే ఇంకొకటి రౌడీని చేసిందనీ వింతగా చెప్పింది. నాకు వింతేమీ అనిపించలేదు, పాత కోపమే మళ్ళీ లేచింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో వేంపల్లె బస్టాండు పక్కన నాకు పత్రికల అంగడి ఉండేది. వారపత్రిక చేతికందేదాకా బస్సెక్కని మన తరంవాళ్ళకు, ఆ కట్టలు విప్పినప్పటి సిరా వాసన ఇంకా గుర్తుండే ఉంటుంది.

మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, పాటగాడు. డప్పు పట్టుకుని, ఊపిరి తీసుకుంటున్నాడో లేదో తెలియకుండా మాట మీద మాట పేర్చి, బోరు నీళ్ళు అమ్ముకునే పెద్దమనుషుల్ని పేరు పెట్టి కడిగేసేవాడు. కడప నుంచి కర్నూలు దాకా జీపుల్లో వాడి క్యాసెట్లే మోగేవి. రాజంపేటలో పాడి వేదిక దిగుతుండగా పొడిచి చంపారు. పొడిచినవాళ్ళ మీద కేసు నడిచింది. వాణ్ణి రెండోసారి చంపినవాళ్ళ మీద ఏ కేసూ లేదు, నా పగ వాళ్ళ మీదే.

మూడు పత్రికలు రాశాయి. ఒకటి వాడి పేరు పక్కన వేటకొడవలి బొమ్మ గీయించి వాణ్ణి ముఠా మనిషిని చేసింది. బతికుండగా వాడి ఫోటో వేయమంటే మొహం తిప్పుకున్న సినిమా పత్రిక, ప్రజల గొంతు మూగబోయిందని కన్నీళ్ళు కార్చింది. మూడోది ఆడమనిషి గొడవలో చచ్చాడని రాసింది. అది రాసినవాడు నా అంగడికొచ్చి, నోరారా అన్నా అని పిలిచి, నేనిప్పించిన టీ తాగి, చిన్నమ్మ పెట్టెలో ఉన్న ఒకే ఒక్క ఫోటోను మళ్ళీ ఇస్తానని నా చేతే తెప్పించుకుని పోయాడు. ఫోటో తిరిగి రాలేదు, దాన్ని పెద్దగా అచ్చేసిన ఆ పాడు రాత వచ్చింది.

మా వ్యాపారంలో అమ్ముడుపోని పత్రికల్ని మొత్తంగా వెనక్కి పంపేవాళ్ళం కాదు, అట్ట మీద పత్రిక పేరున్న పట్టీ కత్తిరించి పంపితే చాలు, వాటి డబ్బు అడిగేవాళ్ళు కారు. ఆ వారం వచ్చిన ఆ మూడో పత్రిక నలభై ప్రతుల్లో ఒక్కటీ తాడుకు వేలాడదీయకుండా, ఒక్కొక్క పేరునూ మెడ కోసినట్టు కోసి పంపాను. తర్వాత ఏడాది పాటు ప్రతి వారమూ అదే పని, ఎవరడిగినా రాలేదనే జవాబు. అంత హాయి నాకు మరెందులోనూ దొరకలేదు, ఆ మాట దాచుకోను. కాకపోతే ఆ మొదటి వారం కట్టను, నూనెలో నాని నాశనం కావాలని, ఎదురుగా ఉన్న మిరపకాయ బజ్జీల బండికి ఇచ్చేశాను. అదే నేను చేసిన తప్పు. ఒక్కరికీ అమ్మకుండా నేను ఆపిన అబద్ధాన్ని పొట్లాలు విప్పి ఊరంతా చదివింది.

కట్ట బండికిచ్చిన నాలుగో రోజు చిన్నమ్మ అంగడికొచ్చింది. ఆమెకు చదువు రాదు. కొంగులోంచి నూనె కాగితం తీసి, కొడుకు ముఖానికంటిన శనగపిండిని గోటితో మెల్లగా గీకి, నా ముందు పరిచింది.

"మావాని ఫోటో ఈడుండాది సూడు నాయనా. వాని గురించి ఏం రాసినారో సదువు" అంది.

అందులో లేని మాటలు చదివాను. అలాంటి పాటగాడు ఈ సీమలో మళ్ళీ పుట్టడనీ, భయమెరగని మనిషనీ, తల్లిని ప్రాణంగా చూసుకున్నాడనీ తోచినదల్లా చదివాను. ఆమె కళ్ళు తుడుచుకుని కాగితం మడుచుకుంది.

"శానా బాగా రాసినాడు. ఆ రాసినాయప్ప సల్లగా ఉండల్ల" అంది.

ఇప్పుడు ఆ పత్రిక లేదు. నా అంగట్లో పత్రికలు వేలాడిన తాడుకు ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. అబద్ధం రాసేవాడు ఏ ఊళ్ళో ఉంటాడో తెలియదు, కోద్దామంటే పట్టీ లేదు, కత్తెర మాత్రం ఇంకా సొరుగులోనే ఉంది. చిన్నమ్మ పోయిన రోజు దిండు కింద ఆ కాగితం దొరికింది. కాలం గడిస్తే కోపం చల్లారుతుందంటారు, నాకు చల్లారలేదు. నా నోటితో నేనే ఆ రాసినవాడికి సంపాదించిపెట్టిన ఆ దీవెన వాడికి తగలకూడదని ఈనాటికీ కోరుకుంటున్నాను, చిన్నమ్మ నోటిమాట ఊరికే పోదని తెలిసి కూడా.