గోతం కట్టని పిల్లర్

నేను సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో మానేశాను. అయినా బ్రాడీపేటలో కడుతున్న కోచింగ్ సెంటర్ దగ్గర బుల్లయ్య మేస్త్రి నన్ను సూపర్‌వైజర్‌గా పెట్టుకున్నాడు. పిల్లర్ల గురించి కాలేజీలో నేర్చుకున్న దానికంటే కోటిరత్నం దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

ఆమెది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల్లో పనిచేసి భర్తకు ఊపిరితిత్తులు పాడయ్యాయి, మంచం దిగడు. ఇద్దరు ఆడపిల్లలు. ఇల్లు నడిచేది ఆమె కష్టంతోనే. కాంక్రీటు మాలు కలిపేటప్పుడు నీళ్ళు అందిస్తుంది. పోతకు బిగించిన పెట్టెలు విప్పాక ప్రతి పిల్లర్‌కీ తడి గోతం చుట్టి, తాడు కట్టి, ఎండకుండా తడుపుతుంది. తాడుకు రోజుకో ముడి వేస్తుంది. పది ముళ్ళు పడేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఒకసారి తాపీపనివాడు ఎనిమిదో ముడికే విప్పబోతే, నీ పెళ్ళాం బాలింతరాలైతే ఎనిమిదో రోజే మిరపకోతకు పంపిస్తావా అని అడిగింది.

మార్చిలో పన్నెండు పిల్లర్లు పోశాం. చివరిదానికి వచ్చేసరికి, మాలు సందుల్లేకుండా దిగేలా కదిపే వైబ్రేటర్ మొరాయించింది. ఊచతో కాసేపు పొడిపించి ఇక చాలన్నాను. నాకు తొందరగా పోవాలని ఉంది. మర్నాడు పెట్టెలు విప్పితే అడుగున జానెడు మేర కంకర తేలి, సందులు కనిపించాయి. వైబ్రేటర్ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మేస్త్రి పైన సిమెంటు పూయించి, ఇంజనీరు వచ్చేలోపు గోతాలు కట్టెయ్యమన్నాడు.

కోటిరత్నం పదకొండు పిల్లర్లకి కట్టి, ఆ చివరిదాన్ని మాత్రం వదిలేసింది.

"కట్టెయ్ పిన్నీ, నీకెందుకు?" అన్నాను.

"రేపు దీని కింద పిల్లకాయలు కూర్చుంటారు బాబూ. నా చేత్తో నేను కప్పను."

ఇంజనీరు సరిగ్గా దాని ముందే ఆగాడు. సుత్తితో కొడితే పూత రాలింది. పగలగొట్టి మళ్ళీ పోయమన్నాడు. మాలులో నీళ్ళు ఎక్కువ పోసింది ఈవిడేనని చెప్పి మేస్త్రి ఆమెను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశాడు. 

మళ్ళీ పోసిన పిల్లర్ గోతం నాలుగు రోజుల్లో రెండుసార్లు ఎండిపోయింది. నేనే కోటిరత్నాన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తూ కనిపించింది. ఆ ఘాటుకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నువ్వు లేకపోతే నడవట్లేదు పిన్నీ. మా సైటుకి నువ్వే పెద్ద పిల్లర్‌వి." బాగా అన్నాననుకున్నాను.

ఆమె చేతులు ఆగలేదు. "మా అత్త కూడా ఇట్టాగే అంటది, ఈ ఇంటికి స్తంభానివి నువ్వేనని. ఆ మాటన్నాక బిందెడు నీళ్ళు కూడా ఎవరూ తేరు. నీళ్ళు ఎక్కువ పోసింది నేను కాదని మేస్త్రికి చెప్పావా?"

చెప్పలేదన్నాను.

"మరి ఎందుకొచ్చావు?"

పొగడటం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. నేను మోయాల్సింది కూడా ఆమె నెత్తినే పెట్టి, దానికో మంచి పేరు తగిలించాను. అక్కడే నిలబడి బుల్లయ్యకు ఫోన్ చేశాను. వైబ్రేటర్ ఆగిపోయిన సంగతి, నేను చాలన్న సంగతి దాచకుండా చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఆమెకూ వినిపించే ఉంటాయి.

సోమవారం నుంచి ఆమెను పనిలోకి రమ్మన్నాడు. నన్ను రావద్దన్నాడు.