మేస్త్రి వయసు మీరి పోలేదు

ఆ మూడంతస్తుల బిల్డింగులో మెట్ల కింది గదిలో కుట్టుమిషన్ పెట్టుకున్న ఆమెను అందరూ మిషనక్క అంటారు. అసలు పేరు అడిగినవాళ్లు లేరు, చెప్పాలని ఆమెకూ తోచలేదు. బిల్డింగు కడుతున్నప్పుడు ఆమె భర్త అక్కడ కాపలా ఉండేవాడు. ఇళ్లలోకి జనం దిగిన ఏడాదే జ్వరంతో పోయాడు. "పోనీలే, ఉండనివ్వండి" అని నలుగురూ అనుకుని ఆ గది ఆమెకు వదిలారు. ఆ 'పోనీలే' మీదే ఆమె బతుకంతా నిలబడింది. అందుకే ఎవరేమన్నా నవ్వి ఊరుకునేది. వాళ్లిచ్చిన కొలతే తప్పయినా "మళ్లీ కుడతాలెండి" అనేది. నోరు మంచిదైతే ఊరు మంచిదని అత్తగారు చెబుతుండేది. మంచి నోరంటే మూసుకున్న నోరేనని మిషనక్క అర్థం చేసుకుంది.

పిల్లి కూడా ఆ కట్టుబడి రోజుల్లోనే వచ్చింది. బూడిదరంగు ఒళ్లు, ఒక చెవికి చిరుగు. ఇసుకకుప్ప ఎక్కి కూర్చుని పనివాళ్ల మీద అజమాయిషీ చేస్తున్నట్టు చూసేది కాబట్టి మిషనక్క భర్త దానికి మేస్త్రి అని పేరు పెట్టాడు. ఆడపిల్లి అని తెలిశాక కూడా ఆ పేరు మారలేదు. పొద్దున్న మొదటి అంతస్తులో, ఆసుపత్రి ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటున్న నర్సమ్మ దగ్గర పాలు. మధ్యాహ్నం పై అంతస్తులో చేపముక్క. నిద్ర మాత్రం మిషనక్క గదిలో, కత్తిరింపు ముక్కల మూట మీద. ఎవరినడిగినా "మా పిల్లే" అనేవారు. మార్కులు తగ్గి ఏడ్చే పిల్లలు, మొగుడితో పోట్లాడి వచ్చి మెట్ల మీద కూర్చున్న కోడళ్లు దాని వీపు నిమిరి, కాస్త తేలికపడి లేచి వెళ్లేవారు.

ఆ ఏడు ఎలుకలు ఎక్కువయ్యాయి. బిల్డింగు సెక్రటరీ కారు వైర్లు కొరికేశాయి. అంతే, ఆయన పంపు గదిలో, డ్రైనేజీ పక్కన మందు పెట్టించాడు.

మిషనక్క తెగించి అడిగింది. "సార్, మేస్త్రి తిరుగుతుంటుంది కదా. మందు తిన్న ఎలుకని అది తింటే?"

"మీ మేస్త్రి ఎప్పుడో రిటైరైపోయిందమ్మా. ఇప్పుడు ఎలుకలే దాన్ని పలకరించి పోతున్నాయి" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఆమె కూడా అలవాటు కొద్దీ నవ్వింది.

వారం తిరక్కుండానే మేస్త్రి మూట మీద నుంచి లేవలేకపోయింది. ముక్కులోంచి నెత్తురు. కుడుతున్న చొక్కా సగంలో వదిలేసి, దాన్ని తువ్వాలులో చుట్టుకుని మిషనక్క ఆటో ఎక్కింది. పశువుల డాక్టరు చిగుళ్లు చూసి పెదవి విరిచాడు. "మందు తిన్న ఎలుకని తినుంటుంది. కాస్త ముందు తెచ్చుంటే చూసేవాణ్ణి" అన్నాడు. తిరిగొచ్చే దారిలోనే అది ఆమె ఒళ్లో చల్లబడింది. ఏడుపు రాలేదు. డాక్టరన్న మాట నర్సమ్మకొక్కదానికే చెప్పింది.

సాయంత్రం అందరూ పార్కింగులో చేరారు. కాంపౌండు గోడ వారగా గొయ్యి తీయించారు. ఎవరో పూలు తెచ్చారు. పిల్లలు మేస్త్రి బొమ్మ గీసి గోడకు అంటించారు. అట్టపెట్టెలో పడుకోబెట్టిన మేస్త్రి పక్కన నిలబడి సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రి మన అందరి కుటుంబ సభ్యురాలు. నిండుగా బతికింది. వయసు మీరి, ఏ బాధా లేకుండా, ప్రశాంతంగా..."

"వయసు కాదు."

అన్నదెవరో మొదట ఎవరికీ తెలియలేదు. ఆ గొంతు అంత గట్టిగా వాళ్లెప్పుడూ వినలేదు.

"వయసు కాదు సార్, మీరు పెట్టించిన మందు. బాధ లేదంటారా? నా ఒళ్లో నెత్తురు కక్కుకుని పోయింది. ఈ బట్టలు ఇంకా మార్చుకోలేదు, చూస్కోండి."

"అమ్మా, నీ బాధ నాకర్థమైంది. పిల్లల ముందు ఆ గొడవ ఇప్పుడెందుకు?"

"పిల్లల ముందే కావాలి. ఎందుకు చచ్చిపోయిందని పొద్దున్నుంచీ నన్నే అడుగుతున్నారు. అబద్ధం చెప్పమంటారా? చంపినవాళ్లే వచ్చి గొప్పలు చెప్తుంటే తలూపమంటారా? ముందే చెప్పానా లేదా? చెప్తే నవ్వారు. మీరందరూ నవ్వారు!" ఆమె వేలు ఒక్కొక్కరి మీదుగా తిరిగింది. "నేనూ నవ్వాను. ఛీ, నా నవ్వు తగలెయ్య!"

ఆయన మొహం కందగడ్డయింది. "నోరు జారకు. ఆ గదిలో ఎవరి దయ వల్ల ఉంటున్నావో గుర్తుందా? రేపు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతావ్?"

ఏ మాట వినాల్సొస్తుందోనని మిషనక్క ఇన్నేళ్లూ నోరు కట్టేసుకుందో, ఆ మాట వినేసింది. వినేశాక ఇక భయపడడానికి ఏమీ మిగల్లేదు.

"పోతాను. ఫుట్‌పాత్ మీదైనా మిషన్ తిరుగుతుంది. ఆ మందు మొత్తం తీసేదాకా ఈ పెట్టె మాత్రం ఇవ్వను" అంటూ పెట్టెనెత్తి గుండెకు హత్తుకుంది.

అప్పుడు నర్సమ్మ ముందుకొచ్చింది. "డాక్టరేమన్నాడో నాకు తెలుసు. తెలిసీ సిగ్గులేకుండా పూలు పట్టుకుని నిలబడ్డాను. గది సంగతి అందరం కలిసి తేల్చాలి బాబూ, నువ్వొక్కడివి కాదు. ముందు పంపు గదికి నడువు."

ఒకరిద్దరు కదిలారు. వాళ్ల వెనక మిగతావాళ్లు. సెక్రటరీకి వెళ్లక తప్పలేదు. ఇస్త్రీ చొక్కాతో నేల మీద బోర్లా పడుకుని, పంపు కిందికి చెయ్యి చాపి నీలంరంగు బిళ్లలు ఒక్కొక్కటే లాగాడు. మిషనక్క పెట్టె దించకుండా పక్కనే నిలబడి చూసింది. "ఆ మూలన ఇంకోటుంది" అంది.

డ్రైనేజీ పక్కన ఉన్నవి కూడా ఏరి పారేశాకే ఆమె గొయ్యి దగ్గరికి నడిచింది. ఆ తర్వాత ప్రసంగాలేం లేవు. మొదట ఆమె మట్టి వేసింది, తర్వాత పిల్లలు వేశారు.

గది ఖాళీ చెయ్యమని మళ్లీ ఎవరూ అనలేదు. ఎలుకలు మాత్రం పెరిగాయి. స్కూలు యూనిఫాంల కోసం తెచ్చిన తానును కొరికి జల్లెడ చేశాయి. మిషనక్క వాటిని నోరారా తిట్టి, బోను కొనుక్కొచ్చింది గానీ మందు ఊసెత్తలేదు.

కొన్నాళ్లకు సెక్రటరీ ప్యాంటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నడుము కాస్త వదులు చెయ్యాలమ్మా. ఏదో జరిగింది, జరిగిపోయింది..."

"జరగలేదు సార్, మీరు జరిపించారు" అంది ఆమె తలెత్తకుండా. "నేను కుట్టను. సందు చివర ఇంకో దర్జీ ఉన్నాడు."

ఆయన ప్యాంటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మిషనక్క మిషన్ తొక్కింది. దారం తెగింది. కోపం ఇంకా దిగక, సూది కన్ను దొరకడానికి చాలాసేపే పట్టింది.