కాలికి కట్టిన ల్యాప్‌టాప్

ఖజానాలను కాపాడిన పద్ధతుల గురించి చరిత్రకారులు చాలా రాశారు. కోటగోడలన్నారు, సొరంగాలన్నారు, కాపలా ఏనుగులన్నారు. దిల్‌సుఖ్‌నగర్ వాస్తవ్యుడు దశరథ ఎక్కడ కూర్చున్నా ల్యాప్‌టాప్ బ్యాగు పట్టీలో ఎడమ కాలు దూర్చే పద్ధతి మాత్రం ఏ గ్రంథానికీ ఎక్కలేదు. ఇది ఆ లోటు తీర్చే చిన్న ప్రయత్నం.

పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, వారసత్వంగా వచ్చింది. తండ్రి పోచంపల్లి నుంచి చీరల మూటతో బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు వచ్చేవాడు. కునుకు తీసేముందు మూట కొసను కాలి బొటనవేలికి ముడివేసుకునేవాడు. మూట కదిలితే మనిషి లేవాలి. ఆయన బతికినన్నాళ్లూ ఒక్క చీర పోలేదు. కొడుకు ఎల్బీనగర్‌లో ఆరోగ్య బీమా క్లెయిములు చూసే ఆఫీసులో చేరాడు. మూటకు బదులు బ్యాగు, బొటనవేలికి బదులు కాలు. మిగతాదంతా యథాతథం.

సరుకు మాత్రం చీరలకన్నా నాజూకైనది. ఎవరికి ఏ రోగం, ఎవరికి ఎక్కడ కోత, అంతా ఆ ల్యాప్‌టాప్‌లోనే. పై అంతస్తు వజ్రమ్మ మొలల ఆపరేషన్ కూడా అందులో ఉంది. తుర్కయంజాల్‌లో తమ్ముడింటికి పోతున్నానని ఆమె చెప్పిపోయిన కొద్దిరోజులకే ఆ ఫైలు ఆయన ముందుకొచ్చింది. అప్పటినుంచి ఆమె మెట్లు దిగుతుంటే దశరథ గోడవైపు చూసేవాడు. భార్యకూ చెప్పలేదు.

"వజ్రమ్మక్క జర నీరసంగ కనబడ్తుంది, ఏమైందో," అంది సుప్రియ ఒకరోజు.

"ఎండలు," అన్నాడు దశరథ. అది జనవరి.

రెండు నెలలకు ఆఫీసు ఆయనను ముంబై మీటింగుకు పంపింది. అది బాగా జరిగితే టీమ్ లీడర్ అవుతాడు. మేనేజరు జోగారావు ముందే హెచ్చరించాడు: "ల్యాప్‌టాప్ జాగ్రత్తండీ. ఆమధ్య ఒకాయన రైల్లో పోగొట్టుకున్నాడు. ఇప్పుడాయన మన దగ్గర లేడు."

"నా కాలున్నంతవరకు పోదు సార్."

విమానాశ్రయంలో దశరథ ఉచిత వైఫై ముట్టలేదు. తెర ఎవరికీ కనబడకుండా గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. తనిఖీ దగ్గర బెల్టు, గడియారం, ల్యాప్‌టాప్ అన్నీ ట్రేలలో పెట్టించారు. ప్యాంటు పట్టుకుని అవతలికి వెళ్లి, అన్నిటికన్నా ముందు బ్యాగు అందుకుని భుజాన వేసుకున్నాడు. ప్రాణం కుదుటపడింది. బెల్టు పెట్టుకుని విమానమెక్కి, పట్టీలో కాలు దూర్చాడు.

ఎయిర్ హోస్టెస్ వచ్చింది. "సర్, స్ట్రాప్ కాలికి ఉండకూడదు. బ్యాగ్ ముందు సీటు కింద పెట్టేయండి."

"పెడ్త మేడం. కాలు మాత్రం తియ్య."

"ఎమర్జెన్సీలో పడిపోతారు సర్."

"పడితే బ్యాగు మీదనే పడ్త."

"అందుల బంగారమున్నదా ఏందన్నా?" అన్నాడు పక్క సీటాయన.

"బంగారమైతే పైననే పెడ్తుంటి."

చివరికి దశరథ పట్టు వదిలి, కాలు తీసి, బ్యాగును సీటు కిందికి తోశాడు. అది నడుమకు మడతపడి, మెత్తగా లోపలికి పోయింది. ల్యాప్‌టాప్ మడతపడే వస్తువు కాదు. బ్యాగులో ఉన్నవి చార్జరు, సుప్రియ కట్టిచ్చిన సకినాలు.

చీరల మూటకు ఒక సుగుణముంది. మూట ఉంటే చీరలున్నట్టే. దారిలో ఎవరూ మూట విప్పించి చీరలను ట్రేలో పెట్టించరు. తండ్రి నేర్పిన విద్యలో ఈ అధ్యాయం లేదు.

"నేను దిగుత మేడం. ల్యాప్‌టాప్ చెకింగ్ కాడ మర్చిపోయిన."

"డోర్ వేసేస్తున్నారు. దిగితే మళ్లీ ఎక్కనివ్వరు సర్."

టీమ్ లీడర్ పదవి గుర్తొచ్చింది. పాస్‌వర్డ్ ఉందన్న ధైర్యమూ గుర్తొచ్చింది. కానీ తాళం వేసిన పెట్టెనూ ఎత్తుకుపోయేవాళ్లుంటారు. ఊరూ పేరూ తెలియని ఎవడో వజ్రమ్మ ఫైలు తీరిగ్గా చదువుతున్నట్టు కళ్లకు కట్టింది. దిగాడు.

ల్యాప్‌టాప్ తనిఖీ అధికారి బల్లమీద ఉంది.

"మీదేనా? తెరిచి చూపించండి."

"జర అటు తిరుగుర్రి సార్. పాస్‌వర్డ్ కొట్టాలె."

అధికారీ, వెనక తుపాకీ పట్టుకున్న జవానూ మర్యాదగా గోడవైపు తిరిగారు.

"లోపల ఏముంది?" అన్నాడు అధికారి అటునుంచే.

"చెప్పరాదు సార్."

విమానాశ్రయంలో అనకూడని మాటల్లో అదొకటి. జవాను ఇటు తిరిగాడు.

"రోగాలు సార్," అన్నాడు దశరథ గాబరాగా. "మా కస్టమర్లయి."

ల్యాప్‌టాప్ చేతికొచ్చాక జోగారావుకు ఫోన్ చేశాడు.

"ఫ్లైట్ మిస్సయ్యారా దశరథగారూ?"

"మిస్ కాలే సార్. ఎక్కి దిగిన." జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"సరే, వస్తువు దొరికిందిగా. ఇంటికెళ్లండి. టీమ్ లీడర్ సంగతి వచ్చే ఏడు చూద్దాం."

ఇంటి గేటు దగ్గర వజ్రమ్మ ఆకుకూరలామెతో మాట్లాడుతోంది.

"ఏం దశరథా, బొంబాయి పోలే?"

"పోలేదక్క." ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని, గోడవైపు చూస్తూ మెట్లెక్కాడు. పదవి పోతే పోయింది, ఒక ఆడమనిషి గుట్టు నిలబెట్టానన్న తృప్తి ఆయన నడకలో ఉంది.

వజ్రమ్మ ఆపినచోట మళ్లీ అందుకుంది. "ఏం జెప్తున్న? ఆ, మొలల ఆపరేషన్. డాక్టర్ మంచోడే గని, గట్టి కుర్చీల కూసోవద్దన్నడు."

ఆకుకూరలామె గోంగూర కట్టమీద నీళ్లు చల్లుతూ తలాడించింది. ఆ సంగతి వజ్రమ్మ సుప్రియకు చెప్పింది, సుప్రియ ఆమెకు పోయిన నెలే చెప్పింది.