అత్తమ్మ లేకుండా నెగొంబోలో కచేరి

మా చర్చి పాటల బృందం శ్రీలంక వెళ్లడానికి కారణం మా అత్తమ్మ గొంతు. పోయిన ఏడాది అక్కడి నెగొంబో ఊరి నుంచి ఒక తమిళ పాస్టర్ గారు హైదరాబాద్‌లో ఏదో సమావేశానికి వచ్చి, ఒక ఆదివారం జహీరాబాద్‌లో మా చర్చికి కూడా వచ్చారు. ఆ రోజు అత్తమ్మ సుగుణమ్మ, వాళ్ల నాన్న కట్టిన కీర్తన పాడింది. చేలో కలుపు తీస్తూ పాడుకునే బాణీ అది. ఒకరు ముందు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి అందుకోవాలి. పాస్టర్ గారికి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆరాధన అయ్యాక, మా బృందాన్ని నడిపించే ప్రభాకర్ సార్ దగ్గరికి వచ్చి, తమ చర్చి వార్షికోత్సవానికి మమ్మల్నందరినీ ఇంగ్లీషులో రమ్మన్నారు. ఆ పాట మావాళ్లు వినాలి అన్నారు.

పద్నాలుగు మందిమి బయలుదేరాం. సగం మందికి అదే మొదటి పాస్‌పోర్టు. విమానం టికెట్లు రానూపోనూ మనిషికి పాతిక వేలకు అటూ ఇటూగా పడ్డాయి. ముందే తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. శ్రీలంకకు వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఆ పని, టికెట్ల పని ఒక ఏజెంటుకు అప్పగించాం. పాటలు సాధన చేయడం మాత్రం మా పని. నేను కీబోర్డు వాయిస్తాను. పాత హార్మోనియంను అన్నట్టే అత్తమ్మ దాన్ని ఇప్పటికీ పెట్టె అనే అంటుంది.

శుక్రవారం తెల్లవారుజామున సలీం భాయ్ మినీ బస్సులో బయలుదేరాం. సలీం భాయ్‌ది మా వీధే. సంగారెడ్డి దాటి, పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. దారంతా అత్తమ్మ పాడుతూనే ఉంది. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర మిగతా అందరి పనీ అయ్యాక ఆమెను ఆపేశారు. అనుమతి కాగితంలో పాస్‌పోర్టు నంబరు ఒక అంకె తప్పు పడింది. కౌంటర్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, కొత్త అనుమతి లేకుండా పంపడం కుదరదని. ప్రభాకర్ సార్ ఏజెంటుకు ఫోన్ చేస్తే, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. కొత్త అనుమతి మర్నాటికి వస్తుందని, శనివారం సాయంత్రం విమానంలో సీటు తన ఖర్చుతో ఇప్పిస్తానని అన్నాడు. మా కచేరి కూడా ఆ సాయంత్రమే.

"నేను కూడ ఉంట అత్తమ్మా. రేపు ఇద్దరం కలిసి పోదాం," అన్నాను.

"పెట్టె ఎవరు వాయిస్తరు మరి? నువ్ పో బిడ్డా," అంది.

"నువ్వొక్కదానివి ఎట్ల వస్తవ్?"

"నోరుంది కద, అడుగుత. జర ముందు పో, లోపలికి పోయే లైన్ కదుల్తుంది."

సార్ ఫోన్ చేస్తే సలీం భాయ్ పార్కింగ్ నుంచి గేటు దగ్గరికి పరుగున వచ్చాడు. "ఫికర్ జెయ్యకున్రి మేడం. మా ఆపా, అదే మా అక్క ఇల్లు మెహదీపట్నంల ఉన్నది. అమ్మను ఆడ ఉంచుత. రేపు మళ్ల నేనే తోలుకొచ్చి లోపలికి పంపిస్త," అన్నాడు. అత్తమ్మ తన సంచీ తీసుకుని అతని వెంట నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. పొమ్మన్న మాట మనసులోంచి అన్నదో, పదిమంది ముందు ఉన్నాం కాబట్టి అన్నదో నాకు తెలియలేదు. విమానంలో నాకు పక్క సీటు ఖాళీగా ఉంది.

కొలంబో చేరడానికి రెండు గంటల లోపే. గడియారం మార్చుకునే పని లేదు, అక్కడా మన సమయమే. విమానాశ్రయం నుంచి నెగొంబో వ్యానులో అరగంట కూడా లేదు కాబట్టి, అక్కడికి వెళ్లేవాళ్లు కొలంబో సిటీలోకి పోనవసరం లేదు. చర్చి వెనక అతిథి గృహంలో మాకు బస ఇచ్చారు. వంట చేసే రోజలిన్ చేపల కూర, కొబ్బరి పచ్చడి వడ్డించి, కారం ఎక్కువైందా అని సైగలతో అడిగింది. మేం ఇంటి నుంచి తెచ్చుకున్న అల్లం పచ్చడి చూపించాం. కొంచెం నాలుక మీద పెట్టుకుని, నవ్వుతూ నీళ్లకోసం పరుగెత్తింది.

శనివారం పొద్దున సార్ నన్ను పక్కకు పిలిచి, "సుగుణమ్మ పాట నువ్ ఎత్తుకో. ఇంట్ల రోజు వింటనే ఉంటవ్ కద," అన్నారు. నాకు ఆ పాట మొత్తం వచ్చు. కానీ అది ఆమె పాట. ఆమె లేనప్పుడు నేను పాడితే ఆమె చోటు నేను తీసుకున్నట్టు ఉంటుందనిపించింది. వద్దన్నాను. సార్ రెండోసారి అడగలేదు. సాయంత్రం నాలుగింటికి మొదలైన కచేరి బాగానే జరిగింది. హాలు నిండింది, చప్పట్లు కొట్టారు. అయిపోయాక పాస్టర్ గారు నా దగ్గరికి వచ్చి, ఆ పాట ఏదీ అని అడిగారు. సంగతి చెప్పాను.

భోజనాలు చేస్తుండగా వ్యాను వచ్చింది. అత్తమ్మ దిగీ దిగగానే సలీం భాయ్ ఆపా ఇంట్లో తిన్న పుల్లటి ఖట్టీ దాల్ గురించి, విమానంలో పక్కన కూర్చున్న బెంగళూరు ఆవిడతో కన్నడంలో మాట్లాడటం గురించి చెప్పింది. అత్తమ్మ పుట్టిల్లు బీదర్ వైపు. అన్నానికి కూర్చున్నాక నేనే ఆపి, "నిన్ను ఇడ్సి వచ్చినందుకు కోపం వచ్చిందా?" అని అడిగాను.

"నువ్ ఆడ ఉండి ఏం జేద్దువు? ఇద్దరం ఒకరి మొకం ఒకరు చూసుకుంట కూసుందుమా?" అంది. తరువాత, "నా పాట ఎట్ల పాడిన్రు?" అని అడిగింది.

"పాడలె అత్తమ్మా. నువ్ లేకుంట ఎట్ల పాడుతం?"

ఆమె చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసింది. "గిన్ని నెలలు నేర్సుకున్నది మడతబెట్టి సందుగల పెట్టిన్రా? సార్ ఎవరికీ పాడమని చెప్పలేదా?"

"నన్నే పాడమన్నరు. నేనే వద్దన్న."

"మా నాయిన కట్టింది నలుగురు పాడనీకి. నేనొక్కదాన్నే పాడనీకి కాదు," అంది. నిన్నటి నుంచి రాని కోపం అప్పుడొచ్చింది. మళ్లీ అన్నం ముట్టలేదు.

ఆదివారం ఆరాధనలో పాస్టర్ గారు మాకు ఒక పాటకు సమయం ఇచ్చారు. ముందు రోజు వచ్చినంత జనం లేరు. ఎక్కువగా చేపలు పట్టేవాళ్ల కుటుంబాలు. అందరం నిలబడ్డాం. అత్తమ్మ ముందుకు రాలేదు, వెనక వరుసలో నిలబడింది. పాస్టర్ గారు ఆమె వైపు మైకు చాపితే, ఆమె నా వైపు చూపించింది. "ఎత్తుకో," అంది.

కీబోర్డు మీద శ్రుతి పట్టి మొదటి చరణం ఎత్తుకున్నాను. మొదటి మాటలు మెల్లగా వచ్చాయి. పల్లవి దగ్గర వెనక నుంచి అత్తమ్మ గొంతు అందరికంటే పైకి లేచింది. రెండో చరణానికి గొంతు పెంచాను. మూడో చరణంలో ఒక మాట తప్పాను. ఆమె సరిచేయకుండా పల్లవి అందుకుంది. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, "మూడో దాంట్ల మాట తప్పినవ్. ఇంటికి పోయేటప్పుడు బస్సుల నేర్పిస్త," అంది. ఆ మధ్యాహ్నం అన్నం రెండుసార్లు పెట్టించుకుంది.

ఆమె పాట పక్కన పెట్టడమే గౌరవం అనుకున్నాను నేను. ఆమెకు అది పాటను పారేసినట్టు అనిపించింది. ఒకే ఇంట్లో ఇన్నేళ్లున్నా నాకు ఇది తెలియడానికి అంత దూరం వెళ్లాల్సి వచ్చింది. ఇప్పుడు మా చర్చిలో ఆ పాట ఒక వారం ఆమె ఎత్తుకుంటే, ఒక వారం నేను ఎత్తుకుంటున్నాను. బృందంగా కచేరికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ప్రతి పాటా ముందుండి ఎత్తుకోవడం ఇద్దరికి నేర్పించండి, ఆ రెండో మనిషి చేత బయలుదేరే ముందే ఒకసారి అందరి ముందూ పాడించండి.