నక్క నోట్లోంచి బాతు వెనక్కొచ్చేది

మా చిన్నప్పుడు... పామర్రులో మా నాన్న పనిచేసే మిషన్ బడిలో, ఆదివారం ఆరాధన అయిపోగానే కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టేవాళ్ళు. పట్టపగలే గది చీకటి చేసి, గోడకి తెల్ల పంచె బిగించి, బెజవాడ నుంచి బస్సు టాపు మీద వచ్చిన సినిమా మిషన్ని బల్ల మీద పెట్టేవాళ్ళు. ఏడాదికి రెండుసార్లు. డెబ్బైల నాటి సంగతి... టీవీ అంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు.

ముందు దేవుడి సినిమా వేసేవాళ్ళు. బుద్ధిగా చేతులు కట్టుకుని చూసేవాళ్ళం. ఆ తర్వాత వచ్చేది అసలు సంబరం... పది నిమిషాల బొమ్మల రీలు. ఎన్నేళ్ళయినా అదే రీలు! ఒక నక్క, ఒక బాతు. నక్క తరుముతుంది, బాతు పరిగెడుతుంది, చివరికి నక్క బాతుని గుటుక్కున మింగేస్తుంది. అంతే.

మిషన్లో సౌండు ఎప్పుడో పోయింది. బాగుచేయించే నాథుడు లేడు. అందుకని ఊరంతా జాన్ మాస్టారు అని పిలిచే మా నాన్న, తెర పక్కన నిలబడి రెండు గొంతులూ తనే పెట్టి మాటలు చెప్పేవారు.

"ఏమే బాతూ, ఎక్కడికే ఆ పరుగు? చల్లపల్లి సంతకా?"

"సంతకి కాదండీ నక్కగారూ, మా మేనత్త గారింటికండీ!"

"ఆగవే, నేనూ తోడొస్తా!"

"వద్దులెండి, మీకెందుకండీ శ్రమ!"

మాకు మొత్తం కంఠతా వచ్చు. అయినా నాన్నతో పాటు గొంతు చించుకుని అరిచేవాళ్ళం. వెనక బెంచీ మీద మరియమ్మ మామ్మ ప్రతిసారీ "ఇంకా నిలబడతావేంటే, పారిపోవే పిచ్చిదానా!" అని ఆ బాతుని తిట్టిపోసేది.

మింగడం అవగానే అందరం లేచి "వెనక్కి మాస్టారూ... వెనక్కి!" అని ఒకటే గోల. నాన్న మీట తిప్పేవారు. రీలు వెనక్కి నడిచేది. నక్క నోట్లోంచి బాతు బయటికొచ్చి, వెనక్కి వెనక్కి పరిగెత్తి, క్షేమంగా ఇంటికి చేరుకునేది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం.

ఒకసారి సగంలో కరెంటు పోయింది. ఎవ్వరం లేవలేదు. నాన్న ఆ చీకట్లోనే మాటలు చెప్పుకుంటూ పోయారు. పంచె మీద ఏమీ లేకపోయినా, నక్క మింగేదాకా కూర్చుని "వెనక్కి!" అని కూడా అరిచాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే... నాకు ఒళ్ళు మండిపోతోంది కాబట్టి.

నా మనవరాలు షారోన్‌కి మూడేళ్ళు నిండాయి. ఒక్క మాట రాదు. అమ్మ అనదు, అమ్మమ్మ అనదు. ఏం కావాలన్నా వేలు చూపించి కీచుమంటుంది. చెవులు పరీక్ష చేయించాం, శుభ్రంగా ఉన్నాయి. మొన్న గవర్నర్‌పేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ మొట్టమొదట అడిగింది... "రోజుకి ఎంతసేపు ఫోన్ చూస్తుందండీ?"

"ఓ అరగంటండీ" అంది మా అమ్మాయి సునీత, తల వంచుకుని.

అరగంటా! పొద్దున ఇడ్లీ దగ్గర మొదలుపెడితే రాత్రి నిద్రలో చేతిలోంచి జారిపోయేదాకా అదే కదా!

అసలు ఏం కార్టూన్లండీ అవి? మాట్లాడే కార్లు, ఏడ్చే అరటిపళ్ళు, ఊరికే గెంతే రంగు బంతులు. ఒకటి అయ్యీ అవ్వకముందే ఇంకోటి దానంతటదే వచ్చిపడుతుంది. పిల్ల రెప్ప వెయ్యదు. వాటి నోరు ఒక్క క్షణం మూతపడదు... ఇంక నా మనవరాలికి మాట్లాడే వంతు ఎప్పుడొస్తుంది? అవి తయారుచేసేవాళ్ళకి ఇంట్లో పిల్లల్లేరా? వాళ్ళ నోట్లో మన్ను పడ!

"ఫోన్ మానిపించండమ్మా. మీరు మాట్లాడండి. పిల్ల మొహం చూసి మాట్లాడండి" అంది డాక్టరమ్మ.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సునీత మీద విరుచుకుపడ్డాను. "పిల్లని కన్నావా, ఫోన్‌కి దత్తతిచ్చావా?" అన్నాను. అది ఊరుకుంటుందా?

"మొదట ఇచ్చిందెవరమ్మా? నువ్వు కాదూ? ఏడాది పిల్లప్పుడు పప్పన్నం ఊసేస్తోందని, నా పాత ఫోన్ ఎదురుగా పెట్టి తినిపించింది నువ్వే కదా!"

నిజమే. గిన్నెడన్నం పది నిమిషాల్లో తినేసిందని, ఆ రోజు పక్కింటావిడకి గొప్పగా చెప్పుకున్నాను కూడా. జాన్ మాస్టారి కూతుర్ని నేను! మూగ బొమ్మలకి మాటలిచ్చిన మనిషి కూతుర్ని... నా ఇంట్లో పిల్లకి మాటల్లేకుండా చేశాను. ఈ రెండు రోజులుగా నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

నిన్న మధ్యాహ్నం ఫోన్ కోసం షారోన్ నేలమీద పడి దొర్లింది. ఇవ్వలేదు. అన్నం గిన్నె పక్కన పెట్టి, ఒక చెయ్యి నక్క, ఒక చెయ్యి బాతు చేసి "ఏమే బాతూ, ఎక్కడికే ఆ పరుగు?" అని మొదలుపెట్టాను. అది ఏడుస్తూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. నాలుగోసారి కాబోలు, నక్క బాతుని మింగినట్టు నేను నోరు తెరిచి గుటుక్కుమన్నాక, ఏడుపాపి లేచి నా దగ్గరికొచ్చింది. వేళ్ళతో నా పెదాలు విప్పి లోపలికి చూసింది... బాతు ఎక్కడికి పోయిందా అని.

మాట మాత్రం రాలేదు.

మా రోజుల్లో ఒక్క కేక వేస్తే మింగిన బాతు కూడా వెనక్కొచ్చేది. మరి నేను నా చేతులారా మింగించిన ఈ రెండేళ్ళని వెనక్కి తిప్పమని ఎవర్ని అడగను? నాన్న లేరు, ఆ మిషనూ లేదు.

మీకు అన్నం పెడుతూ మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏం కథ చెప్పేవాళ్ళు? గుర్తుంటే కింద రాయండి. నాలుగు ముక్కలైనా సరే. లైకులు వద్దు నాకు... రేపు మధ్యాహ్నం పిల్లకి అన్నం పెట్టే వేళకి ఒక కథ కావాలి.